వీపు తిప్పి నిలబడ్డవాడు

నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఒక సత్తు గిన్నెడు వేడినీళ్లతో జరిగింది.

ఇప్పుడు గ్రంథాలయాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు కనబడితే అడుగుతుంటారు, "మీ కాలంలో కంప్యూటర్లు లేకుండా ఎలా నెట్టుకొచ్చారు సార్?" అని. చేతులతో నెట్టుకొచ్చాం. అందుకే చేసిన తప్పులు కూడా చేతులకే అంటుకుని ఉన్నాయి. వాటిలో ఒకటి మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను. నీతి ఏమైనా దొరికితే మీరే ఏరుకోండి. నాకైతే ఇప్పటిదాకా దొరకలేదు.

ఎనభైల మొదట్లో నేను తిరుపతిలో ఒక పెద్ద గ్రంథాలయంలో సహాయకుడిగా ఉండేవాణ్ణి. జిల్లాలో పేరున్న ప్లీడరో, పంతులో పోతే వాళ్ల పుస్తకాలు బండికెత్తించి మాకు పంపేవాళ్లు. అవి ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎన్ని చేతులు మారి మా దగ్గరకు చేరాయి అన్నది కనుక్కుని ఒక కాగితం రాసిపెట్టడం నా పని. దాన్ని మేము పుట్టుపూర్వోత్తరాల కాగితం అనేవాళ్లం. ఆ పనిలో నాకు కొంచెం పేరుండేది. పేరుతోపాటు గర్వమూ ఉండేది.

ఒకరోజు చిత్తూరు నుంచి పాత కాగితాల వ్యాపారి ఒకాయన కార్డు రాశాడు. తన దగ్గర రెండు ట్రంకుపెట్టెల నిండా బొమ్మల కథల పుస్తకాలున్నాయనీ, మాకు అక్కర్లేకపోతే బొరుగుల అంగళ్లకు పొట్లాల కింద ఇచ్చేస్తాననీ దాని సారాంశం. మా గ్రంథాలయాధికారి, మేమంతా పెద్దాయన అని పిలిచేవాళ్లం, ఆ కార్డు నా చేతికిచ్చి "పోయి చూసి రా" అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

చిత్తూరులో ఆ వ్యాపారి అంగడి వెనక, తూకం రాళ్ల పక్కన ఉన్నాయి పెట్టెలు. మూత తీయగానే ఎండిన వేపాకు వాసన వచ్చింది. ఒక్కో పుస్తకానికి గోధుమరంగు కాగితం అట్ట వేసి, రెండు పుస్తకాల మధ్య ఒక వేపరెమ్మ పెట్టి, పాతవి ఒక పెట్టెలో, కొత్తవి ఒక పెట్టెలో, నెల వరసన పేర్చి ఉన్నాయి. విదేశాల్లో అచ్చయిన ఇంగ్లీషువి, మద్రాసులో అచ్చయిన అరవం, తెలుగువి, బొంబాయివి. అన్నీ పిల్లలు చదివే రంగుల బొమ్మల కథలు. పిల్లలు చదివితే ఏ పుస్తకమైనా ఎలా ఉంటుందో మీకు తెలుసు. వీటికి ఒక్క మూల మడత లేదు.

"యాడ దొరికినాయప్పా ఇవి?" అని అడిగాను.

"ఎవరో తెలీదు సార్. కాళాస్తి బస్సులో తెచ్చినాడు. పెట్టెలు దించినాడు, పోయినాడు. పేరడిగితే సెప్పలా," అన్నాడు వ్యాపారి. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "తీసుకపోండి సార్. ఇవి వచ్చినప్పట్నించీ మా ఇంటామె ఈ రూములోకి రానంటాంది. ఎందుకే అంటే, ఊరికేనే అంటాది," అన్నాడు.

పెట్టెలు బస్సు మీద వేయించుకుని తిరుపతికి తెచ్చాను.

పెద్దాయన వాటిని చూసిన రోజు నాకు బాగా గుర్తు. ఆయన కఠినమైన మనిషి. మా ముందు ఎప్పుడూ ఏ పుస్తకాన్నీ మెచ్చుకోగా వినలేదు. అటువంటివాడు పాత పెట్టె ముందు కింద కూర్చుని, ఒక్కొక్కటే అరచేతుల్లో పెట్టుకుని చూశాడు. "ఇంత పాతవి, ఇంత శుభ్రంగా, వరస తప్పకుండా... ఇటువైపు ఇంకెక్కడా ఉండవయ్యా," అన్నాడు. మద్రాసులో పాత బాలసాహిత్యం ప్రదర్శన ఒకటి జరగబోతోంది, అక్కడికి పంపుదామన్నాడు. దానికి రెండు పనులు కావాలి. ఒకటి, ఈ పుస్తకాలు ఎవరు కూడబెట్టారో కనుక్కుని కాగితం రాయడం. రెండోది, మరక తీయడం.

మరక అంటే ఇది. ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒక పేజీలో, ఒక బొమ్మ మీద, చిన్న తెల్లకాగితం చీటీ అంటించి ఉంది. బొమ్మల కథల్లో మనుషులు మాట్లాడే మాటలు బుడగలో రాస్తారే, ఆ బుడగ ఆకారంలో కత్తిరించి, అన్నం మెతుకుతో అంటించిన చీటీ. పుస్తకానికి ఒకటే. దాని మీద తెలుగులో ఒకటో రెండో మాటలు.

మా బైండరు ముసలాయన. పుస్తకాలు కుట్టడంలో, అట్టలు కట్టడంలో జిల్లాలోనే ఆయన్ను మించినవాడు లేడు. ఇద్దరం కలిసి పాత పెట్టెతో మొదలుపెట్టాం. సత్తు గిన్నెలో వేడినీళ్లు, దూది, మొండి చాకు. తడిదూది చీటీ మీద కాసేపు ఉంచితే మెతుకు నానుతుంది. చాకు మొన పెట్టి లేపితే చీటీ ఊడి వస్తుంది. వారం రోజుల్లో ఆ పెట్టె మొత్తం శుభ్రమైంది.

చీటీల మీద ఏముందో నేను చూడకపోలేదు. "అమ్మా." "నీల్లు." "బువ్వ." "రైలు." "అత్త యాడ?" అలాంటివి. ఎవరో పిల్లవాడి చేష్ట అనుకున్నాను. అయితే అక్షరాలు మాత్రం పిల్లలవి కావు. గుండ్రంగా, కుదురుగా, పెద్దవాళ్లు రాసినట్టు ఉన్నాయి. అది గమనించాను. గమనించి ఊరుకున్నాను. మన వృత్తిలో గమనించకపోవడం తప్పు కాదు. గమనించి ఊరుకోవడం తప్పు.

కొత్త పెట్టె తెరిచిన రోజు బైండరు పనిలోకి రాలేదు. నేనొక్కణ్ణే అల్మారాల మధ్య బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం. పైన పంకా తిరుగుతోంది. మొదటి పుస్తకం తీశాను. ఒక రాజుగారి దర్బారు బొమ్మ. మంత్రులు, సేవకులు, జనం. జనంలో చివర, గీత అంచున సగం కోసేసినట్టు ఒక చిన్న పిల్లవాడు, వీపు ఇటు తిప్పి నిలబడి ఉన్నాడు. వాడి నెత్తి మీద చీటీ.

"నాయనా, నేను ఈడ బళ్లోకి పోతాండా. పలక పగిలింది."

దూది గిన్నెలోనే వదిలేశాను. రెండో పుస్తకం తీశాను. అది అడవి కథ, విదేశీ ఇంగ్లీషు పుస్తకం. ఓడ దిగుతున్న మనుషుల్లో ఒకడు మొహం అటు తిప్పుకుని ఉన్నాడు. "నాకు జరమొచ్చినాది. తగ్గిపోయిందిలే. అమ్మకు సెప్పొద్దు."

మూడోది. నాలుగోది. పుస్తకం పుస్తకానికీ భాష వేరు, దేశం వేరు, గీసిన చెయ్యి వేరు. కానీ ప్రతిదాంట్లో ఎక్కడో ఒక మూల, ఆ కథతో ఏ సంబంధమూ లేనివాడు ఒకడు, మొహం కనబడకుండా నిలబడి ఉన్నాడు. మాట్లాడేది వాడే. నెలలు గడిచేకొద్దీ వాడు పొడుగవుతున్నాడు. మొదట పిల్లల గుంపులో ఉన్నవాడు, తర్వాత సైనికుల్లో, కూలివాళ్లలో, సంతలో కనబడుతున్నాడు.

"మీసాలొస్తాండాయి నాయనా."

"ఈడ అందురూ నన్ను వాళ్లోడే అనుకుంటాండారు."

"మీరు నన్ను కూసోబెట్టిన మెట్టు నాకు గుర్తుండాది."

ఆ చివరిది చదివాక నేను లేచి వెళ్లి పాత పెట్టె తెరిచాను. మేము శుభ్రం చేసిన పుస్తకాలు ఒక్కొక్కటే తిరగేశాను. చీటీ తీసిన ప్రతి చోటా తడి ఆరి కాగితం కొంచెం ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు కింద, వీపు తిప్పుకుని, చాలా చిన్న పిల్లవాడు. అన్ని పుస్తకాల్లోనూ. మాట లేకుండా.

నాకు అప్పుడు భయం వేసిందంటే మీరు నవ్వుతారు. పట్టపగలు, పక్కగదిలో టైపు మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. అయినా నేను ఆ పుస్తకాలు మూసేసి బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. ఆ తర్వాత చాలా రోజులు ఏ బొమ్మ చూసినా నా కళ్లు మూలల్లోకే పోయేవి. మా ఇంట్లో గోడమీద దేవుడి కల్యాణం క్యాలెండరు ఉండేది. దాంట్లో కూడా వెనక వరసలో ఒకడు అటు తిరిగి ఉన్నాడు. ఆరునెలలుగా గోడ మీదున్న క్యాలెండరు, ఎన్నడూ చూడలేదు వాణ్ణి. దాన్ని తీసి మడిచి అటక మీద పెట్టేశాను. మా ఆవిడకు గోడ సున్నం పాడైందని చెప్పాను.

పెద్దాయనకు చూపించాను. ఆయన నాలుగు పుస్తకాలు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇక ఒక్క చీటీ కూడా ముట్టుకోవద్దు," అన్నాడు. "ఎవరో కనుక్కో."

కనుక్కోవడానికి ఒకే ఒక ఆధారం ఉంది. ప్రతి పుస్తకం వెనక పెన్సిలుతో నాలుగంకెల నంబరు. అది ఏదో పాత గ్రంథాలయం వరస నంబరని నేను రెండు వారాలు తిరిగాను. చివరికి బైండరు వాటిని ఒక్కసారి చూసి, "ఇవి బోగీ నంబర్లు గదా సార్," అన్నాడు. "మా బామ్మర్ది రైల్వేలోనే ఉండాడు. రైలుపెట్టె పక్కన తెల్లగా రాసుంటారే, అదే."

"ఊడదీసిన చీటీలు ఏం చేశావు?" అని అడిగాను, అప్పుడు.

బైండరు తల గోక్కున్నాడు. "చిత్తు కాయితమంతా నానబెట్టి ముద్ద సేస్తాం గదా సార్, అట్టల్లోకి. దాంట్లో కలిపేసినా. మొన్న కట్టినవాటన్నిట్లో ఉంటాయి."

మొన్న కట్టినవి అంటే లా పుస్తకాలు, వ్యవసాయం రిపోర్టులు, వ్యాకరణాలు. ఏ అట్టలో ఏ మాట ఉందో ఇక దేవుడికే తెలియాలి.

బోగీ నంబర్లు పట్టుకుని రేణిగుంట జంక్షన్‌కు వెళ్లాను. అక్కడ బోగీలు కడిగే పనివాళ్ల మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. రిటైరు కావడానికి దగ్గర పడ్డాడు. పుస్తకం చేతికిస్తే తెరవకుండానే గుర్తుపట్టాడు.

"ఇది మా జతగాడిది సార్. ఇరవై ఏండ్లు ఒక్క దగ్గర పనిజేసినాం. బండి వచ్చి ఆగినాక మేమంతా నీళ్లు కొడతాంటే, ఈయన మాత్రం ఒక్కో బెర్తు కింద వంగి వంగి సూసేవాడు. ఏమి సూస్తాండావప్పా అంటే పలికేవాడు కాదు. పిల్లోళ్లు మర్సిపోయిన బొమ్మల పుస్తకం ఏదన్నా దొరికితే గుడ్డలో సుట్టుకోని ఇంటికి తీసుకపోయేవాడు. ఏ బోగీలో దొరికిందో నాతో నంబరేయించుకునేవాడు."

"నీతో ఎందుకు? ఆయన రాసుకోలేడా?"

"ఆయనకు సదువు రాదు సార్. జీతానికి ఏలిముద్రే."

నేను చీటీ చూపించాను. మేస్త్రీ చాలాసేపు చూశాడు. ఈ సంగతి తనకు తెలియదన్నాడు. తర్వాత తనకు తెలిసింది చెప్పాడు.

ఆ దంపతులకు ఒక్కడే కొడుకు. వాడికి మూడేళ్లప్పుడు పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు బయలుదేరారు. అలిపిరి దగ్గర మెట్లెక్కడం మొదలుపెట్టారు. కొంత దూరం పోయాక పిల్లవాణ్ణి ఒక మెట్టు మీద కూర్చోబెట్టి, ఆమె నీళ్ల చెంబు తెరిచింది. ఆయన మూట భుజం మార్చుకున్నాడు. అంతే. తిరిగి చూస్తే వాడు లేడు. యాత్రికుల గుంపులో ఎవరో ఎత్తుకుపోయారో, అడవిలోకి పోయాడో. పోలీసులు వెతికారు, ఊరు వెతికింది. దొరకలేదు.

"అందుకే ఈ పనిలోకి వచ్చినాడు సార్. పిల్లోళ్లను ఎత్తకపోయేవాళ్లు రైల్లోనే తీసకపోతారని ఎవురో సెప్పినారంట. ఒక్క బండి ఇడిసేవాడు కాదు," అన్నాడు మేస్త్రీ. "పోయి ఏడేండ్లయింది. కామెర్లు. ఆమె ఉండాది, కాళాస్తిలో. ఆయన పోయినాక కూడా పుస్తకం ఏదన్నా దొరికితే మేమే తీసకపోయి ఇచ్చేవాళ్లం. ఎందుకంటే సెప్పలేను. ఇయ్యాలనిపించేది."

"ఆమెకు చదువొచ్చా?"

"మా ఆడోళ్లకు యాడిది సార్ సదువు?"

ఆ సాయంత్రం తిరుపతికి వచ్చి కొత్త పెట్టెలో పుస్తకాల మీద అచ్చయిన నెలలు, సంవత్సరాలు చూశాను. సగానికి పైగా ఆయన పోయాక వచ్చినవే. వాటిలోనూ చీటీలున్నాయి. అదే అక్షరం, అదే మెతుకు. చాలావాటిలో "నాయనా" అన్న పిలుపు. తప్పిపోయినవాడు చనిపోయినవాడితో నెలనెలా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ ఇంట్లో రాయగలవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

తర్వాతి ఆదివారం శ్రీకాళహస్తికి వెళ్లాను. స్వర్ణముఖి ఒడ్డున ఇసుకలో కలంకారీ బట్టలు ఆరేసి ఉన్నాయి. ఆ బట్టల పని చేసే ఒకాయన ఆమె ఇంటి పక్కనే ఉంటాడట, సందు లోపలికి తీసుకెళ్లి చూపించాడు. "ఆమెకు కండ్లు పోయినాయి సార్. కంటి ఆపరేషనుకు మద్రాసుకు తీసకపోయినారు, కుదర్లేదు. ఆమె ఆస్పత్రిలో ఉండంగా చెల్లెలి అల్లుడు సామాన్లన్నీ అమ్మకతిన్నాడు," అని దారిలో చెప్పాడు.

యాభై అయిదు దాటిన మనిషి. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చాప మీద కూర్చుని ఉంది. నేను తిరుపతి నుంచి వచ్చానని చెప్పి, వెంట తెచ్చిన పుస్తకం ఒకటి చేతికిచ్చాను. ఆమె దాన్ని వాసన చూసింది. వేళ్లతో పేజీలు తడుముతూ పోయి చీటీ ఉన్న చోట ఆగింది.

"వచ్చినాడా?" అంది.

"లేదమ్మా. నేను గ్రంథాలయం నుంచి," అన్నాను. పెట్టెలు ఎలా దొరికాయో, నేనెందుకు వచ్చానో అంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

"ఈ రాత ఎవరిదమ్మా?" అని అడిగాను.

"నాదే," అంది ఆమె. "పెండ్లికి ముందు అయిదో తరగతి దాకా సదివినా. మా అత్తగారింట్లో సదువుకున్న కోడలంటే గిట్టదని మా అమ్మ సెప్పొద్దనింది. సెప్పలా. ఆయనకు కూడా తెలీదు."

తర్వాత ఆమె చెప్పింది ఇది. పిల్లవాడు తప్పిపోయాక ఆయన ఏడాదిపాటు సరిగ్గా తిండి తినలేదు, నోరు విప్పి మాట్లాడలేదు. ఒకరోజు రైల్లో దొరికిన బొమ్మల పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టి, ఒక బొమ్మలో గుంపులో వీపు తిప్పి నిలబడ్డ పిల్లవాణ్ణి చూపించాడు.

"ఈ పిల్లోడు మనోడి మాదిరే ఉండాడే," అన్నాడట. "ఏమంటాండాడు?"

"నేనేమి సెప్పేది నాయనా?" అంది ఆమె నాతో. "'నీళ్లు కావాలంటాండాడు' అన్నా. తప్పిపోయిన దినం వాడు అడిగింది అదే. ఆయన అట్లే సూసి సూసి, ఎక్కెక్కి ఏడ్సినాడు. ఆ పూట అన్నం తిన్యాడు. మర్నాడు నేను సీటీ రాసి ఆ బొమ్మ మింద అంటిచ్చినా. ఎందుకంటే మళ్లా అడుగుతాడు గదా, మాట మారిపోతే?"

ఆ తర్వాత పుస్తకం దొరికినప్పుడల్లా ఆయన వీపు తిప్పుకున్నవాణ్ణి వెతికి వేలు పెట్టేవాడు. 'ఏమంటాండాడు?' అని అడిగేవాడు. ఆమె చెప్పేది. ఆయన పనికి పోయాక చీటీ రాసి అంటించేది.

"ఆ చీటీలు ఎవరు అంటించారని ఆయన అడగలేదా?"

"అడగలా. అవి పుస్తకంలోవే అనుకున్నాడో, నేనే రాస్తాండానని తెలుసుకున్నాడో. నేనూ సెప్పలా. వాడు పెద్దోడవుతా వచ్చినాడు. నేను పెంచినా, ఆయన ఇన్నాడు."

"మరి ఆయన పోయిన తర్వాత కూడా రాశారు. ఎవరికోసమమ్మా?"

ఆమె నా వైపు తిరిగింది. ఆ నల్ల అద్దాల వెనక ఏముందో నాకు కనబడలేదు.

"అంతకాలం మాట్లాడినోణ్ణి ఉన్నట్టుండి మూగోణ్ణి సేసేదెట్లప్పా?" అంది.

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. మొదటి పెట్టెలో చీటీలన్నీ నా చేతులతోనే ఊడదీశానని. అవి ముద్దలో కలిసి వేరే పుస్తకాల అట్టల్లోకి పోయాయని. ఎలా చెప్పానో, ఎన్ని మాటల్లో చెప్పానో గుర్తులేదు.

"ఏ పెట్టె? పాతదా?" అంది ఆమె.

"పాతదే."

"అంటే మాటలు నేర్సుకున్న ఏండ్లు."

నేను తల దించుకున్నాను. ఆమెకు కనబడదని తెలిసినా దించుకున్నాను.

"పోనీలే," అంది. "ఇప్పుడు పెద్దోడైపోయినాడు గదా. సిన్నప్పటి మాటలు వాడికి మాత్రం గుర్తుంటాయా?" మళ్లీ, "అట్టల్లో ఉండాయంటివే, ఆ ఇంట్లోనే ఉండాయి గదా. బయట పారేయలేదు గదా," అంది.

లేదన్నాను. పుస్తకాలు తిరిగి తెచ్చి ఇస్తానన్నాను. వద్దంది. తనకు కళ్లు లేవు, తన తర్వాత మళ్లీ ఎవరో తూకానికి వేస్తారు, అక్కడే ఉండనీ అంది. "ఒక్క పని సెయ్యి. నెలకొకసారి ఒక పుస్తకం పట్టుకోని రా. వాడు యాడుండాడో సూసి సెప్పు. నేను సెప్పేది రాసి అంటిచ్చు. అంతే."

సరే అన్నాను. నేనేమీ మంచితనం కొద్దీ ఒప్పుకోలేదు. ఆ ఉబ్బిన కాగితాల కింద నిలబడ్డ పిల్లవాణ్ణి తలుచుకుని ఒప్పుకున్నాను.

మద్రాసు ప్రదర్శనకు పెట్టెలు పోలేదు. నేను రాసిన పుట్టుపూర్వోత్తరాల కాగితంలో ఆ పుస్తకాలు కూడబెట్టినది బోగీలు కడిగే ఒక తండ్రి అనీ, చీటీలు రాసినది తల్లి అనీ, మొదటి పెట్టెలో చీటీలు లేకపోవడానికి కారణం నేననీ ఉన్నది ఉన్నట్టు రాశాను. నా కాగితాల్లో కామాలు కూడా దిద్దే పెద్దాయన దాంట్లో ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు. బైండరు మాత్రం అప్పటినుంచి ముద్దలో వేసే ముందు ప్రతి చిత్తుకాగితాన్నీ చదివేవాడు. పని ఆలస్యమవుతోందని మేము విసుక్కునేవాళ్లం కాదు.

దాదాపు రెండేళ్లు నెలకొకసారి శ్రీకాళహస్తి బస్సెక్కాను. బస్టాండులో ఏదో ఒక బొమ్మల పుస్తకం కొనుక్కుని వెళ్లేవాణ్ణి. ఆమె ముందు కూర్చుని పేజీలు తిరగేసి, వీపు తిప్పినవాడు కనబడగానే వాడు ఎక్కడున్నాడో చెప్పేవాణ్ణి. సంతలో ఉన్నాడమ్మా, ఓడ మీద ఉన్నాడమ్మా. ఆమె ప్రతిసారీ మొదట ఒకటే అడిగేది.

"ఇటు తిరిగినాడా?"

"లేదమ్మా."

అప్పుడు మాట చెప్పేది. నేను రాసి, అంటించి, ఆమె వేళ్లకు అందించేవాణ్ణి. సోమవారం పెద్దాయన నా బల్ల దగ్గరకు వచ్చి, ఫైళ్లు చూస్తున్నట్టు నిలబడి, "ఈ నెల ఏమన్నాడు?" అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. ఆయన తలూపి వెళ్లిపోయేవాడు. ఇద్దరు చదువుకున్న మనుషులం, లేనివాడి మాట గురించి ఇలా మాట్లాడుకుంటున్నామేమిటని మాలో ఒక్కరికీ అనిపించలేదు.

ఒక నెల తీసుకెళ్లిన పుస్తకం ఏదో పల్లెటూరి కథ. మొదటినుంచి చివరిదాకా చూశాను. వాడు లేడు. మళ్లీ చూశాను. జాతర ఉంది, పెళ్లి ఉంది, పొలాలున్నాయి, జనం ఉన్నారు. అందరి మొహాలూ కనబడుతూనే ఉన్నాయి. మూలల్లో ఉన్నవాళ్లు, సగం కోసేసినవాళ్లు కూడా ఇటే చూస్తున్నారు. అటు తిరిగినవాడు ఒక్కడు లేడు.

ఆమె ఎదురుచూస్తోంది. ఒక అబద్ధం చెబితే సరిపోయేది. సంతలో ఉన్నాడని చెబితే ఆమె మాట చెబుతుంది, నేను రాస్తాను, బస్సు అందుకుంటాను. ఏ బొమ్మ మీద అంటిస్తే ఆమెకు తెలుస్తుంది? కానీ ఆ ఇంట్లో అటువంటి పని చెయ్యడానికి నా చేతులు రాలేదు. వాటికి అప్పటికే చాలినంత తప్పు అంటుకుని ఉంది.

"లేడమ్మా," అన్నాను.

"బాగా సూడు."

"మూడుసార్లు చూశాను. ఈ పుస్తకంలో లేడమ్మా."

ఆమె మొహం మీద దిగులు వస్తుందనుకున్నాను. రాలేదు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"అట్లయితే బయల్దేరినాడు," అంది. "దోవలో ఉండేవాడు పుస్తకంలో ఎందుకుంటాడప్పా?"

పుస్తకం ఆమె పక్కన పెట్టి లేచాను. గుమ్మం దాటుతూ అలవాటు ప్రకారం తలుపు దగ్గరికి లాగబోయాను.

"ఎయ్యొద్దు," అంది లోపలినుంచి. "తీసే ఉండనీ."

తీసే ఉంచి వచ్చాను. సందు చివరిదాకా నడిచాను. ఎదురుగా ఇసుక మీంచి నది వైపు నుంచి మనుషులు వస్తున్నారు. ఆ రోజు వాళ్లలో ఒక్కరి మొహం వైపూ చూడలేకపోయాను. తల వంచుకుని బస్టాండుకు నడిచాను.

తర్వాతి నెల కొత్త పుస్తకం పట్టుకుని వెళ్తే ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి కలంకారీ ఆయన రంగు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"మీరొచ్చి పోయినాక ఎనిమిదో దినం సార్. నిద్రలోనే పోయింది. ఏ బాధా పళ్లేదు," అన్నాడు. పుస్తకం నా చేతిలోనే ఉంది. ఆయన దాన్నే చూస్తూ మళ్లీ అన్నాడు:

"ఆ ఎనిమిది దినాలూ రాత్రీ పగలూ తలుపు ఎయ్యనీలేదు సార్. కుక్కలొస్తాయమ్మా అన్నా ఇన్లేదు. ఆకిరి దినం పొద్దున మాత్రం ఆమే లేసొచ్చి, తడుముకుంటా, తలుపేసి లోపల గడె పెట్టుకునింది."